పదవియు సైనికసేవయు

రాజ్యమును పాలింపగోరువాడు ముందుగా సైనికుడై యుండవలెనా? యుద్ధము ప్రకటించు అధికారము గలవాడు యుద్ధమెట్టిదో స్వయముగా ఎరిగి యుండవలదా? ఈ ప్రశ్న నేటికిని అనేక దేశములలో వినబడుచున్నది. దీనిని వాదముగా విడిచిపెట్టక, నియమముగా ఆచరించి చూచిన రాజ్యము పూర్వమొకటి కలదు. అది ప్రాచీన రోము.

క్రీ. పూ. 167లో రోమనులు గ్రీసు దేశమునుండి ప్రముఖులైన వేయిమందిని ఇటలీకి కొనిపోయిరి. వారిలో పాలీబియస్ అను పండితుడొకడు. తమ దేశమును లోబరచుకొన్న ఈ జాతికి ఇంతటి బల మెట్లు వచ్చినదో తెలిసికొనగోరి అతడు గొప్ప చరిత్రగ్రంథమును రచించెను. రోమను సైన్యమును వర్ణించుచు అతడొక సంగతి వ్రాసినాడు: పది సంవత్సరముల సైనికసేవ ముగింపనివాడు రోములో ఏ రాజకీయపదవికిని అర్హుడు కాడు. రోమను పౌరుడు 46 ఏండ్లు నిండులోపల, కాలిబంటు అయినచో 16 దండయాత్రలలోను, రౌతు అయినచో 10 దండయాత్రలలోను పాల్గొనవలసి యుండెను.

ఈ సంఖ్యలలో గమనింపదగిన విశేషమున్నది. గుఱ్ఱమెక్కి యుద్ధము చేయువారు ధనికులు. పదవులను కోరువారును సాధారణముగా వారే. కావున ఈ నియమము ముఖ్యముగా కలవారి బిడ్డలకు పెట్టిన పరీక్ష. తండ్రి యెంతటివాడైనను, మేడలో కూర్చుండి పదవి నందుటకు వీలులేదు. పదేండ్లు ఎండకు, చలికి ఓర్చి, శిబిరములలో పరుండి, శత్రువును ఎదుర్కొని వచ్చిన తరువాతనే ప్రజల ఓట్లు అడుగవలెను. ఇంతమాత్రమున రోమనుల న్యాయబుద్ధిని మితిమీరి పొగడ నక్కరలేదు. బొత్తిగా ఆస్తి లేనివారిని నౌకాసేవకు పంపెడివారు. స్త్రీలకు ఓటే లేదు.

ఆ కాలమున ఇట్టి నియమమునకు తగిన కారణమును లేకపోలేదు. ఏటేట ఎన్నుకొనబడు ఇద్దరు కాన్సలులే రాజ్యమునకు పెద్దలు. యుద్ధము వచ్చినప్పుడు సేనలను నడుపువారును వారే. సైనికులో, తమ ఆయుధములను తామే తెచ్చుకొను రైతులు. అనగా ఎన్నికలో ప్రజలు ఎన్నుకొనునది తమ్ము యుద్ధమునకు తీసికొనిపోవు నాయకునే.

క్రీ. పూ. 216లో కన్నే యుద్ధభూమిలో హానిబాల్ రోమను సేనను చుట్టుముట్టి నాశనము చేసెను. ఇద్దరు కాన్సలులలో ఒకడు అచ్చటనే మరణించెను. సెనేటు సభ్యులును, ఆ స్థాయికి చెందినవారును కలిసి 80 మంది ఆ దినమున నేలకూలిరని లివీ అను చరిత్రకారుడు చెప్పినాడు. వారు తమంతట తామే సామాన్య సైనికులుగా చేరినవారట. యుద్ధమునకు ఆజ్ఞ యిచ్చిన పెద్దలే యుద్ధములో ప్రాణములర్పించిన ఈ దృష్టాంతము ముందు, నియమమును సమర్థించువారి వాదము మిక్కిలి బలముగా నిలుచును.

అట్లు ఖాళీయైన సెనేటును నింపుటకు ఫేబియస్ బ్యుటియో అను వృద్ధుని డిక్టేటరుగా నియమించిరి. అప్పటికే మరియొక డిక్టేటరు సైన్యముతో నుండెను. ఒకే కాలమున ఇద్దరు డిక్టేటరులుండుట తగదని బ్యుటియో సభాముఖముననే చెప్పెను. అతడు 177 మంది క్రొత్త సభ్యులను ఎంచెను. పూర్వము పదవులు నిర్వహించినవారిని మొదట తీసికొని, ఆపైని, శత్రువులనుండి గెలిచి తెచ్చిన ఆయుధములు ఇండ్లలో గలవారిని, తోటిపౌరుని ప్రాణము కాపాడి ఆకుల కిరీటము బడసినవారిని చేర్చెను. పని ముగిసిన వెంటనే వేదిక దిగి, పదవి విడిచి, తన రాజభటులను పంపివేసి, జనములో కలిసిపోయెను. తన్ను ఊరేగించి యింటికి చేర్తురను శంకతో అచ్చటనే కొంతసేపు తిరుగాడెను గాని, జనులు విడువక గుంపుగా వెంట నడచి యింట దింపిరి.

రెండు తరముల తరువాత పరిస్థితి మారజొచ్చెను. దూరదేశములలో ఏండ్లతరబడి జరుగు యుద్ధములకు పంట కోయవలసిన రైతు సరిపడలేదు. క్రీ. పూ. 107లో మేరియస్ అను కాన్సలు ఆస్తి లేని బీదలనుగూడ సైన్యములో చేర్చుకొనెను. వారికి సైనికవృత్తియే జీవనాధారము. యుద్ధము ముగిసిన తరువాత వారికి భూమి లభించునో లేదో వారి సేనాని పలుకుబడిపై ఆధారపడి యుండెను. కావున వారికి సెనేటుకంటె సేనాని దగ్గరివాడయ్యెను.

దీని ఫలము క్రీ. పూ. 88లో కనబడెను. తూర్పుదేశ యుద్ధమునకు నాయకత్వము కాన్సలైన సుల్లాకు లభించినది. దానిని అతని చేతినుండి తీసి వృద్ధుడైన మేరియస్ కిచ్చునట్లు ప్రజాసభలో శాసనము చేయించిరి. సేనను స్వాధీనము చేసికొనుటకు వచ్చిన దళపతులను సుల్లా సైనికులు రాళ్ళతో కొట్టి చంపిరి. సుల్లా ఆ సేనతో రోము నగరముపైకే నడచెను. స్వదేశముపైకి సేనను నడుపుటకు ఇష్టపడక, అతని ఉన్నతోద్యోగులలో ఒక్క క్వెస్టరు, అనగా కోశాధికారి, తప్ప తక్కినవారందరు అతనిని విడిచిపోయిరి. సామాన్య సైనికులు మాత్రము విడువలేదు. సుల్లాగాని మేరియస్ గాని పిరికివారు కారు. సైనికసేవ కొరతపడినవారును కారు. పదేండ్ల నియమముతో తూచినచో ఇద్దరును నిండుగా తూగుదురు.

యుద్ధవిద్య వేరు, రాజ్యనిర్వహణ వేరు అనుటకు పాంపే వృత్తాంతము చక్కని నిదర్శనము. ఇరువదేండ్లు దాటిన నాటినుండి సేనలను నడిపిన ఇతడు, క్రింది పదవి నొక్కదానినైనను నిర్వహింపకయే, క్రీ. పూ. 70లో 35 ఏండ్ల వయస్సున కాన్సలయ్యెను. సెనేటు సభ నెట్లు పిలువవలెనో, అందెట్లు మాటలాడవలెనో అతనికి తెలియదు. అందుచే పండితుడైన వారో అను మిత్రుని బతిమాలి, సభానియమములను తెలుపు చిన్నపుస్తకమును వ్రాయించుకొనెను. సిగ్గుపడక అడిగి నేర్చుకొన్నందుకు అతనిని మెచ్చుకొనవలసినదే.

మరొకవైపు సిసిరో. క్రీ. పూ. 89లో పాంపే తండ్రి సేనలో కొద్దికాలము మాత్రమే పనిచేసి, ఆ జీవితము నచ్చక, న్యాయస్థానములను ఆశ్రయించినవాడు. పాతనియమము అప్పటికి సడలిపోవుటచేతనే అతడు క్రీ. పూ. 63లో కాన్సలు కాగలిగెను. ఆ సంవత్సరమే కెటిలైన్ అనువాడు ప్రభుత్వమును కూలద్రోయ కుట్ర పన్నెను. కెటిలైన్ సుల్లా సేనలో పోరాడినవాడు. అతని కుట్రను బయటపెట్టి రాజ్యమును కాచినవాడు వాక్కు తప్ప వేరు ఆయుధ మెరుగని సిసిరో. అట్లని సిసిరో నిర్దోషి యనరాదు. పట్టుబడిన కుట్రదారులను న్యాయవిచారణ లేకయే చంపించెను. ఆ కారణమున క్రీ. పూ. 58లో దేశము విడువవలసి వచ్చెను. శాసనమును మీరుటకు ఖడ్గమే చేత నుండనక్కరలేదు.

క్రీ. పూ. 49లో జూలియస్ సీజరు, సేనను వదలి రమ్మను సెనేటు ఆజ్ఞను త్రోసిపుచ్చి, రూబికాన్ నదిని దాటెను. బ్యుటియో ఏ ఆకుల కిరీటమును చూచి పౌరులను సెనేటులోనికి తీసికొనెనో, ఆ కిరీటమునే సీజరు యౌవనమున బడసియుండెను. అది అతని ధైర్యమునకు సాక్ష్యము. అధికారమును గడువు తీరగనే విడుచునా లేదా యనుదానికి అది సాక్ష్యము కాలేదు.

ఆధునిక ప్రజారాజ్యములు ఈ చరిత్రను చదివియే తమ నియమములు వ్రాసికొన్నవి. అమెరికా స్వాతంత్ర్యయుద్ధము గెలిచిన సేనాని వాషింగ్టన్, 1783 డిసెంబరు 23న ప్రజాప్రతినిధుల సభలో నిలిచి తన సేనాధిపత్యమును తిరిగి యిచ్చి స్వగ్రామము చేరెను. ఆ దేశ రాజ్యాంగము అధ్యక్షుని సర్వసేనాధిపతిని చేసినదేగాని, అతడు సైనికుడై యుండవలెనని కోరలేదు. 1947 నాటి శాసనము ఇంకను ముందునకు పోయినది. సేనాధికారిగా పనిచేసినవాడు విరమించి పదేండ్లు గడచినగాని రక్షణశాఖకు అధిపతి కారాదని విధించినది. రోములో పదేండ్ల సేవ అర్హత. అచ్చట పదేండ్ల ఎడబాటు అర్హత! 2008లో ఈ గడువును ఏడేండ్లకు తగ్గించిరి. 1950లోను, 2017లోను, 2021లోను ప్రత్యేక శాసనముచే మినహాయింపు లిచ్చిరి.

భారత రాజ్యాంగము సర్వసేనాధిపత్యమును రాష్ట్రపతికి ఒప్పగించినది. లోకసభ సభ్యత్వమునకు 25 ఏండ్ల వయస్సు కోరినదిగాని సైనికసేవను కోరలేదు. సేనలో నున్నంతకాలము సైనికుడు రాజకీయపక్షములలో చేరరాదు. విరమించిన పిదప ఎన్నికలలో నిలువవచ్చును. 1965 యుద్ధకాలమున ప్రధానియైన లాల్ బహదూర్ శాస్త్రిగాని, రక్షణమంత్రి చవాన్ గాని సైనికులు కారు. 1971 యుద్ధకాలమున ప్రధానియైన ఇందిరాగాంధీగాని, రక్షణమంత్రి జగజీవన్ రాం గాని కారు. పాలీబియస్ చెప్పిన నియమమే యున్నచో ఈ నలుగురిలో ఒక్కరును ఆ పదవులకు పోటీ చేయుటకైనను అర్హులు కాకపోయెడివారు.