గాలికుంటు వ్యాధి – నూతన నివారణ మార్గములు

పాడియావు గల యింట బిడ్డల పుస్తకములకు వలయు సొమ్ము తరచు పాలచెంబునుండియే వచ్చును. అట్టి యింటిని కొలదిదినములలో దిగజార్చగల వ్యాధి గాలికుంటు. దీనినే కన్నడిగులు కాలుబాయి రోగమనియు, తమిళులు కోమారి యనియు, మరాఠీలు లాళ్యా ఖురకూత్ అనియు వ్యవహరింతురు. స్థానిక భాషలో చాటింపు వినబడిన నాడు, అది మన గాలికుంటును గూర్చియే యని గ్రహింపవలెను.

జ్వరము, చొంగ, నోటను గిట్టల సందునను పొక్కులు, కుంటుట దీని చిహ్నములు. పెద్ద పశువులు చచ్చుట అరుదు. కాని పాలు తగ్గును, ఎద్దు దుక్కికి పనికిరాదు. లేగదూడలు గుండె దెబ్బతిని హఠాత్తుగా మరణింపవచ్చును. సూక్ష్మమైన జల్లెడలను సయితము దాటిపోవు వైరస్ దీనికి మూలమని లోఫ్లర్, ఫ్రాష్ అను జర్మను శాస్త్రజ్ఞులు 1898లో వెల్లడించిరి.

ఈ వైరస్ ఏడు తెగలు. ఒక తెగ టీకా మరియొక తెగను ఆపజాలదు. కావున మన దేశమున ఓ, ఏ, ఏసియా-1 అను మూడు తెగలకును కలిపి టీకా వేయుదురు. అది చంపిన వైరస్‌తో చేయబడినది గనుక రక్షణ చిరకాలము నిలువదు. ఆరు నెలల కొకమారు వేయింపవలెను. దూడలకు నాలుగు నెలలు నిండిన పిదప మొదటి సూదియు, నెల తరువాత రెండవదియు అవసరము.

నూతన మార్గము రక్తపరీక్షలో నున్నది. వైరస్ పశుశరీరమున వృద్ధిచెందునపుడు కొన్ని ప్రత్యేక మాంసకృత్తులు పుట్టును. శుద్ధిచేసిన టీకాలో అవి యుండవు. కావున వానికి ప్రతిరక్షకములు రక్తమున కనబడినచో, ఆ పశువునకు నిజముగా రోగము సోకినదని తెలియును. టీకా వేసిన మందలో సయితము వైరస్ ఎచట దాగియున్నదో ఇట్లు కనిపెట్టవచ్చును. 2019లో ఆరంభమైన జాతీయ పథకమున పశువు చెవికి పండ్రెండంకెల బిళ్ళ తగిలించి, వేసిన టీకాను నమోదు చేయుచున్నారు.

ఇది సాధ్యమా యని శంకింప నక్కరలేదు. మందలను తుడిచిపెట్టిన ముసరవ్యాధి మన దేశమున 1995లో కడసారి కనబడినది. 2011లో లోకమునుండియే నిర్మూలమైనట్లు ప్రకటింపబడినది. టీకాయు, విడువని నిఘాయుఁ జేసిన పని యది.

సూది వేసిన పిదప కొలదిదినములు పాలు కొంత తగ్గవచ్చును. ఆ భయమున పశువును దాచినచో, పొరుగువాని దూడకు గూడ అపాయము తెచ్చినవారమగుదుము. టీకా దినమున పశువును ఇంటనే కట్టియుంచుడు.