ఎండ క్రీము ట్యూబు మీద అంకెకు అర్థం ఏమిటి?

కిందటి వేసవిలో పదో తరగతి కుర్రాడు ఒకడు ఎండ క్రీము ట్యూబు తెచ్చి చూపించాడు. "మాస్టారూ, దీనిమీద 50 అని ఉంది. మా అన్నయ్య ట్యూబు మీద 25 ఉంది. నాది రెట్టింపు పనిచేస్తుంది కదండీ?" అన్నాడు.

ఆ అంకెను ఎస్.పి.ఎఫ్. అంటారు. దీన్ని 1970వ దశకంలో ప్రచారంలోకి తెచ్చినవారిలో ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త ఫ్రాంజ్ గ్రైటర్ ముఖ్యుడు. క్రీము లేని చర్మం ఎర్రబడటానికి కొంత మోతాదు కిరణాలు చాలనుకోండి. క్రీము రాసిన చర్మం ఎర్రబడటానికి దానికి 25 రెట్లు కావలసివస్తే ఆ క్రీము ఎస్.పి.ఎఫ్. 25 అన్నమాట. అంటే ఎర్రదనం కలిగించే కిరణాలలో 25వ వంతు, నూటికి 4 పాళ్లు, లోపలికి పోతాయి. 50 అయితే 2 పాళ్లు. లోపలికి పోయేది సగమే కనుక వాడి మాట కొంత నిజమే. ఆపే భాగం చూస్తే మాత్రం 96, 98. పెద్ద తేడా లేదు.

అసలు చిక్కు మరోచోట ఉంది. ప్రయోగశాలలో ఈ అంకెను తేల్చేటప్పుడు చదరపు సెంటీమీటరు చర్మానికి 2 మిల్లీగ్రాముల క్రీము రాస్తారు. మనలో చాలామంది అందులో సగం కూడా రాసుకోరు. సగమే రాస్తే 30 నంబరు క్రీము 15గానో, ఇంకా తక్కువగానో పనిచేస్తుంది. లెక్క వేసి చూడండి. ముఖం, మెడ, మోచేతుల కింది భాగం కలిపి 1500 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. ఒక్కసారికి 3 గ్రాములు కావాలి. 50 గ్రాముల ట్యూబు పదహారుసార్లకే సరి! పైగా ఆరుబయట ఉంటే రెండు గంటలకొకసారి, చెమట పడితే ఇంకా ముందే, మళ్లీ రాసుకోవాలి. అందుకని ఖరీదైన 50ని పొదుపుగా పులుముకోవడం కంటే, చవకైన 30ని ధారాళంగా రాసుకోవడం మేలని నా అభిప్రాయం. చేతులకు క్రీము బదులు దట్టమైన నేతగల నిండు చేతుల చొక్కా వేసుకుంటే ఆ ఖర్చూ తప్పుతుంది.

ఈ అంకె చెప్పని సంగతి మరొకటి ఉంది. భూమిని చేరే అతినీలలోహిత కిరణాలు రెండు రకాలు. 280 నుంచి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల 'బి' కిరణాలు చర్మాన్ని ఎర్రబరుస్తాయి. 315 నుంచి 400 వరకు ఉన్న 'ఎ' కిరణాలు ఇంకా లోతుకు పోయి ముడతలు, నల్లమచ్చలు తెస్తాయి. చర్మ క్యాన్సరులో రెండింటికీ పాత్ర ఉంది. బస్సు కిటికీ అద్దం 'బి'ని చాలావరకు ఆపుతుంది గాని, 'ఎ'లో చాలా భాగాన్ని రానిస్తుంది. ఎస్.పి.ఎఫ్. ముఖ్యంగా 'బి'కి సంబంధించిన కొలత. 'ఎ' సంగతి తెలియాలంటే ట్యూబు మీద 'బ్రాడ్ స్పెక్ట్రం' అన్న మాట గాని, 'పి.ఎ.' అక్షరాల పక్కన కూడిక గుర్తులు గాని వెతకాలి. గుర్తులు ఎక్కువైన కొద్దీ రక్షణ ఎక్కువ. మెలనిన్ ఎక్కువగా ఉన్న మన చామనఛాయ చర్మానికి కొంత సహజ రక్షణ ఉంది గాని, అది పూర్తిగా చాలదు. ఇక 'తెల్లబరుస్తుంది' అన్న ప్రకటనకూ ఎండ నుంచి రక్షణకూ ఏ సంబంధమూ లేదు.

మరి ఇవి క్షేమమేనా? 2019లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ రెండింటినీ సురక్షితమైనవిగా గుర్తించాలని ప్రతిపాదించింది. మరో పన్నెండు పదార్థాలపై ఇంకా సమాచారం కావాలని అడిగింది. అవి హానికరమని తేలిపోయినట్లు కాదు. మొదటి రెండూ అద్దంలా కిరణాలను తిప్పికొడతాయని కొన్ని పుస్తకాలలో కనిపిస్తుంది. నిజానికి అవి అతినీలలోహిత కిరణాలను ఎక్కువగా శోషించుకుంటాయి. ఏ క్రీమునైనా ముందు మోచేతి మడతలో కొంచెం రాసి, దురద పుడుతుందేమో చూడండి. గడువు తేదీ కూడా చూడండి. ఆరు నెలల లోపు పసిపాపలకు క్రీము కాదు, నీడే కావాలి.

ఒక హెచ్చరిక. క్రీము వేడిని ఆపదు. అది రాసుకున్నాం కదా అని మిట్టమధ్యాహ్నం క్రికెట్టుకు దిగితే వడదెబ్బ తగలవచ్చు.

ఎండలో ఈ కిరణాలు ఎంత తీవ్రంగా ఉన్నాయో తెలుసుకోవడానికి పరికరం అక్కరలేదు. ఆరుబయట నిలబడి మీ నీడ కొలవండి. అది మీ ఎత్తుకంటే పొట్టిగా ఉంటే సూర్యుడు 45 డిగ్రీల పైన ఉన్నాడు. కిరణాలు తీవ్రంగా ఉన్నాయన్నమాట. మే రెండో వారంలో హైదరాబాదులో మధ్యాహ్నం పన్నెండు దాటాక కొలిచి చూడండి: మీ నీడ మీ పాదాల కిందే ఉంటుంది.