గడిలో అంకె మారితే మొత్తం ఎలా మారుతుంది?

వెబ్ పేజీలో రెండు గడులున్నాయనుకోండి. ఒకదానిలో లెక్కల మార్కులు, రెండోదానిలో సైన్సు మార్కులు వెయ్యాలి. మీరు అంకెలు వేస్తూంటే కిందనున్న మొత్తం తనంతట తానే మారిపోతూంటుంది! ఏ బటనూ నొక్కనక్కరలేదు. మరి అంకె మారిన సంగతి ఆ పేజీకి ఎలా తెలిసింది?

ఇంటికి చుట్టాలొస్తారంటే నిమిషానికోసారి తలుపు తీసి చూస్తామా? చూడం. గంట మోగితే లేచి వెళతాం. ఇక్కడ జరిగేదీ అదే. గడిలో మార్పు రాగానే బ్రౌజరు ఒక గంట మోగిస్తుంది. దీన్నే 'ఈవెంట్', అంటే సంఘటన అంటారు. "ఈ గంట మోగితే ఈ పని చెయ్యి" అని ముందుగా రాసిపెట్టడానికి పనికొచ్చే భాష జావాస్క్రిప్ట్. 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ దీన్ని రూపొందించాడు.

ఈ గంటల్లో రకాలున్నాయి. ఒక్క అంకె చేర్చినా, తుడిచినా వెంటనే మోగేది 'ఇన్‌పుట్'. 'ఛేంజ్' అలా కాదు. మామూలుగా మీరు రాయడం ముగించి గడి వదిలి వెళ్ళినప్పుడు మోగుతుంది. కీబోర్డు మీట నొక్కగానే మోగే 'కీడౌన్' కూడా ఉంది. కాని, మౌస్‌తో అంకెను తెచ్చి అతికిస్తే అది మోగదు. పైగా గడిలో అంకె పడకముందే మోగుతుంది. కాబట్టి మొత్తం వెంటవెంటనే మారాలంటే 'ఇన్‌పుట్' గంటనే నమ్ముకోవాలి.

గంట మోగింది. ఇక మార్కులు తెచ్చి కూడాలి. ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. 45, 38 కూడితే ఎంత? 83 అంటారు మీరు. జావాస్క్రిప్ట్ 4538 అంటుంది! ఎందుకంటే, గడిలో ఉన్నదాన్ని బ్రౌజరు సంఖ్యగా కాక, అక్షరాల వరుసగా అందిస్తుంది. అలాంటి రెండు వరుసల మధ్య కూడిక గుర్తు పెడితే అవి పక్కపక్కన అతుక్కుంటాయి. అందుచేత వాటిని ముందు 'నంబర్' అనే ఆదేశంతో సంఖ్యలుగా మార్చుకోవాలి.

అంతటితో అయిపోయిందా? లేదు. ఖాళీ గడిని 'నంబర్' సున్నాగా మార్చేస్తుంది. మార్కులు ఇంకా వెయ్యని విద్యార్థికీ, నిజంగా సున్నా వచ్చిన విద్యార్థికీ తేడా లేకుండా పోతుంది! కనుక గడి ఖాళీగా ఉందేమో ముందే చూసి, ఉంటే మొత్తానికి బదులు "ఇంకా నింపలేదు" అని చూపించాలి.

చివరగా ఒక ప్రశ్న. అవే 45, 38 ల మధ్య తీసివేత గుర్తు పెడితే జావాస్క్రిప్ట్ సరిగ్గా 7 అనే చెబుతుంది. ఎందుకో ఆలోచించండి. అక్షరాలను అతికించగలం, ఒకదానిలోంచి మరొకదాన్ని తీసివేయగలమా?