దవడ పన్ను దగ్గర వాపు – బుగ్గ ఎందుకు ఉబ్బుతుంది?

రాత్రంతా పన్ను సలిపి, తెల్లవారేసరికి బుగ్గ ఉబ్బితే చాలా ఇళ్లలో మొదట వేడి కాపడం పెడతారు. తరువాత మందుల షాపులో అడిగి రెండు మాత్రలు తెస్తారు. మూడో రోజుకు వాపు తీస్తుంది, పన్ను సంగతి అందరూ మరచిపోతారు. తగ్గింది వాపు మాత్రమే. జబ్బు పన్ను వేరు దగ్గర అలాగే ఉంటుంది.

పుచ్చు పన్ను లోపలి నరం వరకు చేరితే క్రిములు వేరు కొసకు దిగి చీము పడుతుంది. ఆ చీము ఎముకను దాటినప్పుడు బుగ్గ ఉబ్బుతుంది. చచ్చిన నరానికి రక్తం అందదు, కనుక మీరు మింగిన మాత్ర కూడా అక్కడికి చేరదు. రూట్ కెనాల్ చేయించాలి, లేదా పన్ను తీయించాలి. వాపు ఉండగా పన్ను ముట్టరాదని పెద్దలు అంటుంటారు. అది డాక్టరు చూసి చెప్పవలసిన మాట. ఆ మాట విని ఇంట్లో ఆగిపోకండి.

పదిహేడు, పాతికేళ్ల మధ్య వారికైతే జ్ఞానదంతం సగమే బయటికి వచ్చి, పైనున్న చిగురు కింద మెతుకులు చిక్కి వాస్తుంది. నోరు సరిగా తెరుచుకోదు. పిల్లలకు చెవి ముందు, చెవి కింద ఉబ్బితే గవదబిళ్లలు కావచ్చు. అది అంటువ్యాధి. వాపు మొదలయ్యాక 5 రోజులు బడికి పంపకండి.

తంబాకు, జర్దా, గుట్కా నమిలేవారి విషయం వేరు. నొప్పి లేని గట్టి గడ్డ, 3 వారాలైనా మానని పుండు, ఉన్నట్టుండి కదిలే పన్ను కనిపిస్తే క్యాన్సర్ పరీక్ష చేయించాలి. పన్ను పీకించి ఊరుకోకూడదు.

ఇంట్లో గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించవచ్చు. బుగ్గపై వేడి కాపడం వద్దు. కొందరు ఆస్పిరిన్ మాత్రను పన్ను పక్కన అదిమి పెడతారు, దానితో చిగురు కాలిపోతుంది.

వాపు గొంతు కిందికి పాకినా, గుటక పడకపోయినా, చొంగ కారుతున్నా, నాలుక పైకి లేచి మాట ముద్దగా వస్తున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆ వాపు ఊపిరి దారిని మూసేస్తుంది. ములుగు నుంచి వరంగల్ ఎం.జి.ఎం. ఆస్పత్రికి సుమారు 50 కిలోమీటర్లు, ఏటూరునాగారం వైపువారికి ఇంకా దూరం. తెల్లవారనిద్దాం అనుకోకండి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టకుండా కూర్చోబెట్టి తీసుకురండి. షుగరు ఉంటే ముందే చెప్పండి, వారిలో చీము త్వరగా పాకుతుంది. అంతకుముందు వాడిన మాత్రల ఖాళీ అట్టలు కూడా పారేయకుండా వెంట తెండి.