వేసవి రవికకు నూలు తగునా?

ప్రశ్న: ఊలుతో అల్లుటకు వ్రాసిన సులభమైన చేతులులేని క్రోషే రవిక నమూనాను వేసవికై నూలుతో అల్లవచ్చునా?

జవాబు: అల్లవచ్చునమ్మా, కాని ఉన్నదున్నట్లుగా కాదు. ఊలునకు సాగి మరల ముడుచుకొను స్వభావము గలదు; నూలునకది స్వల్పము, బరువో అధికము; కావున మీ నమూనాలోని భుజపట్టీలు సన్ననివైనచో క్రమముగా సాగి, మెడయు చంకలును వదులై, రవిక యంతయు క్రిందికి జారును. పట్టీలను వెడల్పు చేసి, భుజమున బిగువైన కుట్టుతో ఒక వరుస అల్లుడు.

దట్టమైన అల్లికకు వేసవి యని పేరు పెట్టినంతమాత్రమున గాలి చొరబడునా? నరసాపురపు లేసువలె సన్నని నూలుదారముతో, గొలుసుకుట్ల నడుమ గళ్లు విడిచి అల్లిననే దేహమునకు హాయి. అక్రిలిక్ దారము చెమటను పీల్చదు, వలదు.

ముందుగా నాలుగంగుళముల చదరపు ముక్క నల్లి, ఉతికి, వ్రేలాడదీసి ఆరబెట్టి, పిమ్మట కొలిచి కుట్ల లెక్క వేసికొనుడు.