తీగల క్రింది ఇల్లు: కొలిచి చూచిన పాఠము

గడచిన పుష్యమాసమున మా పాఠశాల చిత్రలేఖనోపాధ్యాయులు ఒక ఇల్లు చూచి వచ్చిరి. వారి ఉద్యోగవిరమణకు ఇంక రెండేండ్లే గడువు. ముప్పదియేండ్లుగా కూడిన ప్రావిడెంటు ఫండు సొమ్మంతయు దానికే పెట్టవలసియుండెను. ఆ వీథిలోని తక్కిన ఇండ్లతో పోల్చినచో అది ముప్పాతిక ధరకే దొరకుచుండెను. కారణము రహస్యమేమియు కాదు. మిద్దె ఈశాన్యపు మూల మీదుగా 66 కిలోవోల్టుల విద్యుత్ తీగలు పోవుచున్నవి. "కొనమంటారా, సార్?" అని వారు మమ్ము అడిగిరి.

ఆయన భయము వేరు, ఇల్లాలి భయము వేరు. తీగల క్రింద పెరిగిన పిల్లలకు రక్తపు క్యాన్సరు వచ్చునని ఆమె ఎక్కడనో వినియుండెను. కూతురు పురిటికి రానున్నది. ఆయనకు ధర చూచి ఆశ, తీగ చూచి సందేహము. మేము విద్యుచ్ఛాస్త్ర పండితులము కాము. అయినను పదవ తరగతి వారికి త్రికోణమితి చెప్పుచున్న దినములవి. కొలువగలిగిన దానిని కొలువక భయపడుటయు, కొలువక ధైర్యపడుటయు బడిపంతుళ్లకు తగదని తోచెను. ఆదివారము ఐదుగురు విద్యార్థులను వెంటబెట్టుకొని బయలుదేరితిమి.

దారిలో పిల్లలకు ఒక సంగతి చెప్పితిమి. మా కోలారు సీమకు ఈ తీగ క్రొత్తది కాదు. శివనసముద్రమున కావేరి నీటితో పుట్టిన విద్యుత్తును 1902వ సంవత్సరమున సుమారు 147 కిలోమీటర్లు తీగల మీద నడిపించి కోలారు బంగారు గనులకు తెచ్చిరి. బెంగళూరు వీథులలో దీపములు వెలిగినది 1905లో. రాజధానికంటె మూడేండ్లు ముందుగా మన గనులకు వెలుగు వచ్చినదనగానే పిల్లల నడకలో హుషారు పుట్టెను.

ఇక కొలత. వెదురుగడ గాని, లోహపు టేపు గాని, తడిసిన త్రాడు గాని తీగ వైపు ఎత్తరాదు. ఇంత ఒత్తిడి గల తీగను తాకనక్కరలేదు, తగినంత దగ్గరకు పోయినను విద్యుత్తు గాలిలో నుండియే దుమికి ప్రాణము తీయును. మా సాధనములు కోణమాని, దారము, దానికి కట్టిన చిన్న రాయి, కాగితపు గొట్టము. తీగకు నిలువుగా దిగువనున్న చోట నేల మీద గురుతు పెట్టి, తీగ పోవు దిక్కునకు అడ్డముగా వెనుకకు నడువవలెను. తీగ 45 డిగ్రీల కోణమున కనబడు చోట ఆగవలెను. గురుతు నుండి అక్కడికి గల దూరమునకు చూచువాని కంటి ఎత్తు కలిపినచో తీగ ఎత్తు వచ్చును. నేల సమతలముగా నుండవలెను సుమా. దూరము 7.2 మీటర్లు, కంటి ఎత్తు 1.4 మీటర్లు, మొత్తము 8.6. ఒక్క డిగ్రీ తప్పు చూచినను పాతిక మీటరు తేడా వచ్చును గనుక ఐదుగురి చేతను వేర్వేరుగా చూపించి సగటు కట్టితిమి. పిట్టగోడ పై అంచు నేలకు 4.3 మీటర్లు. అనగా తీగకును ఇంటికిని నడుమ 4.3 మీటర్లు.

నియమమేమి? తీగ భవనము మీదుగా పోవునపుడు 33 కిలోవోల్టుల వరకు 3.7 మీటర్లు, ఆపైన ప్రతి 33 కిలోవోల్టులకు, లేక అందలి భాగమునకు, మరి 0.3 మీటరు ఎడము కావలెను. 1956వ సంవత్సరపు భారత విద్యుత్ నియమముల నుండియు ఇదే లెక్క. మన తీగకు 4 మీటర్లు. ప్రక్కగా పోవు తీగకైతే 2.3 మీటర్లు. (సరిహద్దు దాటి తమిళనాటికి పోయినచో ఇట్టి చోట 110, ఆంధ్రదేశమున 132 కిలోవోల్టుల తీగలుండును. అక్కడి బంధువులు ఈ లెక్కను తిరిగి కట్టుకొనవలెను.)

"చాలును సార్, 0.3 మిగిలినది!" అని ఒక పిల్లవాడు కేక వేసెను. మేమును క్షణకాలము సంతోషించితిమి. కాని నియమములో మరియొక మాట కలదు: తీగ మిక్కిలి క్రిందికి వ్రేలాడిన స్థితిలో ఆ ఎడము ఉండవలెను. లోహము వేడికి సాగును. ఎండ చేతను, తనలో పారు విద్యుత్తు చేతను తీగ వేడెక్కి దిగును. మేము కొలిచినది పుష్యమాసపు ఉదయము. కొనువారు వేరెవ్వరును లేకపోవుటచే అమ్మువారు ఉగాది దాటువరకు ఆగిరి. ఏప్రిలు నెల మధ్యాహ్నము మరల పోయి చూడగా తీగ 8 మీటర్ల ఎత్తుననే యుండెను. ఎడము 3.7.

మా కోణమానిని నమ్మి ఆ ఇల్లు నియమవిరుద్ధమని తీర్పు చెప్పలేము. తేడా మా పొరపాటునకు మించి ఎంతో లేదు. అయితే చిత్రలేఖనము మాస్టరుగారి మనసులో మేడ గది యొకటి కలదు. అది మూడు మీటర్లు లేచును. అప్పుడు మిగులునది మీటరు కంటె తక్కువ. ఇందులో మా పొరపాటునకు తావు లేదు. ఆ ఇల్లు ఎన్నటికిని పైకి పెరుగదు. నీటితొట్టి సైతము ఆ మూలకు పనికిరాదు. ముప్పాతిక ధర అనునది ఇంటికి కాదు, పెరుగని ఇంటికి.

కాగితములు చూడగా ఇంకొకటి తెలిసెను. 66 కిలోవోల్టుల తీగల దారికి 18 మీటర్ల వెడల్పు లెక్క, అనగా నడిమి గీత నుండి ఇరువైపుల తొమ్మిదేసి మీటర్లు. ఇల్లు పూర్తిగా అందులోనిదే. సబ్-రిజిస్ట్రారు కచేరిలో ఇచ్చు ఈ.సీ. పత్రమున ఆ దారి ఊసే లేదు. 2003వ సంవత్సరపు విద్యుత్ చట్టము 68వ విభాగము ప్రకారము, తీగ వేసిన తరువాత లేచిన కట్టడము సరఫరాకు అడ్డమైనచో దానిని తొలగింపజేయు అధికారము కలదు. తీగ ముందా, ఇల్లు ముందా అని అడిగితిమి. అమ్మువారు "గవర్నమెంటువారే ఊరుకున్నారు గదా" అనిరి. అది సమాధానము కాదు. తీగ దారిలోని నేల విలువ తగ్గునని కేంద్ర ప్రభుత్వమే ఒప్పుకొని, దానికి పరిహారమును 2015లో 15 శాతము వరకు, 2024లో 30 శాతముగా సూచించియున్నది. పాతిక వంతు తగ్గించుట అమ్మువారి ఔదార్యమేమియు కాదు.

ఇల్లాలి భయమును తేలికగా తీసివేయలేదు. 1979లో అమెరికాలోని డెన్వరు నగరమున నాన్సీ వర్థైమరు, ఎడ్ లీపరు అను ఇరువురు, క్యాన్సరు సోకిన పిల్లల ఇండ్లు హెచ్చు కరెంటు పారు తీగలకు దగ్గరగా ఎక్కువయున్నవని వ్రాసిరి. 2002లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ ఇట్టి అయస్కాంత క్షేత్రమును "క్యాన్సరు కలిగింపవచ్చునేమో" అను తరగతిలో చేర్చెను. అదే తరగతిలో ఆసియా వాసులు ఊరవేసుకొను కూరలు సైతము కలవని చెప్పగా ఆమె నవ్వెను. బ్రిటనులో 2005లో తీగలకు 200 మీటర్ల లోపల పుట్టిన పిల్లలలో ఈ జబ్బు కొంత హెచ్చని తేలెను. 2014లో మరిన్ని సంవత్సరముల లెక్కలు చేర్చి చూడగా, ఆ హెచ్చు పూర్వపు దశాబ్దములదే గాని తరువాత కనబడలేదు. తీగలే కారణమైనచో అది అట్లు మాసిపోవలసిన పని లేదు. గోడ అయస్కాంత క్షేత్రమును ఆపదు, దూరము ఆపును: దూరము రెట్టింపైన క్షేత్రము సుమారు నాల్గవ వంతగును. కొన్ని పదుల మీటర్లు దాటగా ఇంటిలోని వైర్ల క్షేత్రమునకును దానికిని భేదము తెలియదు.

ఇల్లాలి భయము చిన్నదనియు, ఆయన చూడని మేడ గది సంగతి పెద్దదనియు అప్పుడు తేలెను. వారు ఆ ఇల్లు విడిచి, రెండు వీథుల అవతల, తీగలకు అరువది మీటర్ల దూరమున, అంతకంటె చిన్న ఇల్లు కొనిరి. ధర ఎక్కువాయెను, కొంత అప్పు మిగిలినది. ఆ మిద్దె మీద నిలిచి చూచిన అవే టవర్లు కనబడును. గృహప్రవేశమునకు మా ఐదుగురు పిల్లలు కోణమానితో సహా వచ్చిరి. పాయసము త్రాగి, కొబ్బరిచెట్టు ఎత్తు కొలిచి వెళ్లిరి.