దివ్యసత్ప్రసాదము: లేచువారును, కూర్చుండువారును



మన కరీంనగరము, ఆదిలాబాదు సీమలలో ప్రసాదమను మాట నెరుగనివారు లేరు. వేములవాడ రాజన్న గుడియందును, ధర్మపురి నరసింహస్వామి గుడియందును, బాసర సరస్వతీ ఆలయమందును వచ్చినవారెల్లరు ప్రసాదము పుచ్చుకొందురు. ఇయ్యకుండుటయు, వలదనుటయు మన యెడ మర్యాద కాదు. కథోలిక క్రైస్తవులు దివ్యపూజలో స్వీకరించునది తెలుగున దివ్యసత్ప్రసాదమని పిలువబడుచున్నది. పేరు సమీపముగా నుండుటచేత క్రిస్మసు నడిరేయి పూజకు వచ్చిన పొరుగువారు తామును వరుసలో నిలుచుట కలదు. అప్పుడు వలదన్నచో వారు చిన్నబుచ్చుకొందురు. అంతకంటె పెద్ద చిక్కు మన బడిపిల్లలలోనే యున్నది. తన వరుసవారందరు లేచినప్పుడు తానొక్కడు కూర్చుండుటకు సిగ్గుపడి, సిద్ధపాటు లేకయే లేచు బాలుడు కలడు. ఈ రెంటిని గూర్చి యోచించుటకు ఈ పాఠమును వ్రాయుచున్నాము.

మొదట, ఇది యెట్టిదో తెలిసికొందము. గురువు అభిషేకించిన అప్పమును ద్రాక్షారసమును నిజముగా క్రీస్తుని శరీర రక్తములని కథోలిక శ్రీసభ విశ్వసించును. దానిని స్వీకరించువాడు "ఆమెన్" అని పలుకుచు ఆ విశ్వాసమునే ఒప్పుకొనుచున్నాడు. కావున ఇది అతిథికి పెట్టు ఫలహారము వంటిది కాదు. ఒక మాట యిచ్చుట వంటిది. ఈ నియమము క్రొత్తది గాదు. క్రీస్తు శకము 150 ప్రాంతమున రోమునందుండిన జస్టిన్ అను విద్వాంసుడు, విశ్వసించి జ్ఞానస్నానము పొంది క్రీస్తు నేర్పిన చొప్పున నడచువారే దీనిని పుచ్చుకొందురని వ్రాసెను. ఇందు కులమునకు గాని ధనమునకు గాని తావు లేదు. భూస్వామికిని కూలివానికిని ఒకే పాత్రనుండి ఒకే అప్పము ఇయ్యబడును.

ఇక నియమములు. కథోలిక సంఘమున జ్ఞానస్నానము పొంది, తగిన యుపదేశము నేర్చినవారు స్వీకరింపవచ్చును. బాలురు వివేకము వచ్చు వయస్సున, అనగా సుమారు ఏడవ యేట, దీనికి అర్హులని 1910లో పదియవ పీయూస్ జగద్గురువులు నిర్ణయించిరి. అంతకు పూర్వము పలు దేశములలో పండ్రెండు, పదునాలుగేండ్ల వరకు వారిని నిలిపి యుంచెడివారు. చావైన పాపము చేసితినని యెరిగినవాడు ముందు పాపసంకీర్తనము చేయవలెను. గురువు అరుదుగా వచ్చు గ్రామములలో ఆయన పూజకు ముందు కొంతసేపు అందుకై కూర్చుండుట ఈ కారణముచేతనే.

ఉపవాస నియమము పలుమారులు మారినది. మన తాతల కాలమున నడిరేయి మొదలు మంచినీళ్లయినను త్రాగరాదు. 1953లో నీటికి సెలవు కలిగెను. 1957లో భోజనమునకు మూడు గంటల యెడము చాలుననిరి. 1964లో అది ఒక గంటకు తగ్గినది. నేటికిని ఈ గంట నియమమే యున్నది. నీరు, ఔషధము దీనిని భంగపరుపవు. వృద్ధులకు, రోగులకు, వారికి పరిచర్య చేయువారికి ఈ గంటయు విధింపబడలేదు.

స్వీకరించు రీతి అంతట ఒక్కటి గాదు. ఇందుకు మన సీమయే దృష్టాంతము. కరీంనగరమున లాటిను ఆచారము నడుచు విచారణలు 1952లో ఏర్పడిన వరంగల్ మేత్రాసనమునకు చెందినవి. ఆదిలాబాదునకు 1999లో ప్రత్యేక మేత్రాసనము ఏర్పడినది. అది సీరో మలబారు ఆచారమును అనుసరించును. లాటిను పూజలో అప్పమును నాలుకపై గాని, అనుమతి యున్న చోట చేతిలో గాని పుచ్చుకొందురు. సీరో మలబారు పూజలో గురువు దానిని ద్రాక్షారసమున తాకించి నాలుకపై నుంచుట తరచు కానవచ్చును. గోదావరి దాటి వచ్చి చదువుకొను బాలుడు ఈ భేదమును చూచి కలత చెందనక్కర లేదు. కథోలికుడు ఈ రెండింటిలో ఏ పూజయందైనను స్వీకరింపవచ్చును.

మన బడులలో దక్షిణ ఇండియా సంఘమునకు చెందిన పిల్లలును చదువుచున్నారు. ఆ సంఘము 1947లో ఏర్పడినది. వారును జ్ఞానస్నానము పొందినవారే, మన సోదరులే. అయినను సంఘములు ఇంకను ఏకము కానందున, ప్రాణాపాయము వంటి విశేష సందర్భములలో తప్ప, వారికి కథోలిక పూజలో ఇది ఇయ్యబడదు. ఇది వారి భక్తిని తూచుట గాదు. తెగిన బంధమును తెగినదని ఒప్పుకొనుట మాత్రమే. ఈ మాటను పూజకు ముందే మృదువుగా తెలిపినచో, వరుసలో నిలిచిన యతిథిని నలుగురిలో వెనుకకు పంపు బాధ తప్పును.

ఇప్పుడు ముఖ్యమైన సంగతికి వత్తుము. ఆదివారమున పూజకు వచ్చుట విధి. వచ్చిన ప్రతిమారు సత్ప్రసాదము స్వీకరించుట విధి గాదు. సంవత్సరమునకు ఒక్కమారైనను స్వీకరింపవలెనని 1215లో నాల్గవ లాటరాను మహాసభ విధించెను. అది కనిష్ఠపు మేర. భయముచేత జనులు ఏండ్ల తరబడి దూరముగా నుండుటను చూచి, పదియవ పీయూస్ వారి కాలమున, 1905లో, అనుదినమును స్వీకరింపవచ్చునని రోమునుండి శాసనము వెలువడినది. అది మిక్కిలి మేలు చేసినది. అయితే నేడు భయము పోయి, దాని స్థానమున మరియొకటి వచ్చినది: అందరు లేచుచున్నారు గనుక లేచుట. తన్ను తాను పరీక్షించుకొనక భుజింపరాదని పౌలు కొరింథీయులకు వ్రాసిన హెచ్చరిక ఇట్టి సందర్భమునకే తగును.

కూర్చుండినవాని కారణము మన కెట్లు తెలియును? వాడు గంట లోపల చద్దియన్నము తిని యుండవచ్చును. ఇంకను తొలి సత్ప్రసాదము పొందని వాడు కావచ్చును. పాపసంకీర్తనమునకై వేచియుండవచ్చును. కూర్చుండుటయే వాని భక్తి కావచ్చును. అట్టివానిని "ఏమి పాపము చేసితివి?" అని స్నేహితులు నవ్వినచో, వచ్చు వారము వాడు మనస్సాక్షిని అణచుకొని లేచును. ఆ తప్పులో నవ్వినవారికిని పాలున్నది.

కావున ఉపాధ్యాయులును, వసతి గృహముల పెద్దలును పిల్లలను వరుస వరుసగా లెమ్మని ఆజ్ఞాపింపక, దాటిపోవుటకు దారి విడిచి ఎవరి యిష్టమునకు వారిని విడువవలెను. పూజకు ముందు పాపసంకీర్తనమునకు సమయము కల్పింపవలెను. తలిదండ్రులు ఇంటికి పోయిన పిదప "ఏల లేవవైతివి?" అని విచారణ చేయరాదు. విద్యార్థులారా, కూర్చుండిన దినమున ఊరక యుండక ప్రార్థింపుడు. ఆటంకమున్నచో త్వరలో తొలగించుకొనుడు, దూరముగా నుండుటను అలవాటు చేసికొనకుడు. లేచిన దినమున ప్రక్కవానిని చూచి గాక, ఎవరిని స్వీకరించుచున్నారో యెరిగి లెండు. కూర్చుండినవానిని చూడక ముందుకు సాగుడు.